సముద్రమున కావలి మన జ్ఞాతులు

(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



నేను ముప్పది నాలుగేండ్లు పిల్లలకు శబ్దమంజరియు, బాలవ్యాకరణమును చెప్పి విశ్రాంతి పొందినవాడను. పెద్దసభలలో మాటలాడుట నాకు వాడుక లేదు. ఐనను మన కార్యదర్శిగారు "ఈయేడు సంచికలో కుటుంబముల వంశావళులు అచ్చువేయుచున్నాము, దానినిగూర్చి నాలుగుమాటలు చెప్పవలసినది" అని కోరిరి. ఆ వంశావళులలో మా యింటిది కూడ నొకటి గలదు. దానిలో మా ముత్తాతగారి పేరున కెడమవైపున వారి అన్నగారి పేరున్నది. ఆ పేరునకు క్రింద గీత లేదు. "దేశాంతరగతుడు, నిస్సంతు" అను రెండుమాటలు మాత్రము కలవు. ఈ రెండుమాటలలో మొదటిది సత్యము, రెండవది అసత్యము. ఆ యసత్యము నాకెట్లు తెలిసెనో, తెలిసిన పిమ్మట మనమేమి చేయవలెనో తమకు విన్నవించుటయే నా యుపన్యాసము.

మా పాళెము కృష్ణపట్టణమునకు ఉత్తరముగా బకింగుహాము కాలువ యొడ్డున నున్నది. తూర్పున సరుగుడుతోపులు, వానికావల ఇసుకదిబ్బలు, అటుపిమ్మట సముద్రము. నా బాల్యమున మా నాయనమ్మ సాయంకాలము అరుగుమీద గూర్చుండి చెప్పు కథలలో నీ పెద్దతాతగారి కథ యొకటి. "ధాత కరవులో మీ తాతయ్యకు పెదనాయన ఉప్పుపడవ యెక్కి చెన్నపట్టణము పోయినాడు, మరల రాలేదు. చిన్ననాడు తాటిచెట్టునుండి జారిపడగా ఎడమకనుబొమమీద గాటు పడినది, ఆ గాటుమీద వెండ్రుక మొలవలేదు" అని యామె చెప్పెడిది. ఆమె యాయనను చూచినది కాదు. తన యత్తగారు చెప్పగా విన్నది. పండ్రెండేండ్లు ఎదురుచూచి, వికృతి సంవత్సరమున, అనగా 1890-లో, మోదుగాకులతో ప్రతికృతి చేసి దహించి, కర్మాంతరములు జరిపిరట. దేశాంతరమునకు బోయి యేవార్తయు తెలియనివానికి పండ్రెండేండ్ల పిమ్మట పర్ణనరదాహము చేయుట శాస్త్రసమ్మతమే. మావా రధర్మమేమియు చేయలేదు.

ధాత కరవనగా నేమో యీనాటి చిన్నవారికి తెలియదు. 1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిలోను, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతములలోను వానలు తప్పి లక్షలకొలది జనులు నశించిరి. బళ్ళారి, కర్నూలు, కడప మండలములతోపాటు మన నెల్లూరు మండలమును ఆ క్షామమునకు గురియైనది. 1877-లో సర్ రిచర్డు టెంపులుదొర కరవుపనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. పౌననగా నేటి తూనికలో అరకిలోకు తక్కువ. ఎండలో మన్నుమోయు మనుష్యునకు అది చాలదని చెన్నపురి ఆరోగ్యశాఖాధికారి కార్నిషుదొర వాదించెను. నాడు నెల్లూరికి రైలు లేదు. కాలువమీద ఉప్పును, కట్టెలను చెన్నపట్టణమునకు గొనిపోవు పడవలే మనవారికి దారి. పట్టణమున దిగిన పిదప వలసకూలీలను చేర్చుకొను మేస్త్రీలుండిరి. వారు "ఐదేండ్లు పనిచేసిన చాలును, కడుపునిండ బువ్వ" అని చెప్పెడివారు. మా పెద్దతాత వెళ్ళినది బహుధాన్య సంవత్సరము. పేరు బహుధాన్యము, ఇంటిలో నూకలైన లేవు.

ఇంతవరకు మా యింటి కథ. ఇక నా ప్రయాణము.

2019-వ సంవత్సరము కార్తికమాసమున మేము నలుగురు మిత్రులము మారిషసు ద్వీపమునకు బోయితిమి. ఒకరు నాతో బనిచేసిన లెక్కల ఉపాధ్యాయులు; ఒకరు విశ్రాంత సర్వేయరు; ఒకరు ఆయుర్వేదవైద్యులు; నాలుగవవాడను నేను. లెక్కల పంతులుగారి కుమార్తె యచ్చట కాపురమున్నందున ఆ మిషమీద బయలుదేరినారము. సముద్రమును, చెరకుతోటలను జూచి వచ్చుటయే మా యుద్దేశము. పూర్వీకులను వెదకు తలపు బయలుదేరునపుడు నాకుగూడ లేదని నిజముగా చెప్పుచున్నాను.

అచ్చట పోర్టులూయీ రేవున ఆప్రవాసీ ఘాటు అనుచోట కొన్ని రాతిమెట్లున్నవి. వలసకూలీల డిపో అదియే. 2006-లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థవారు దానిని ప్రపంచవారసత్వ స్థలముగా నంగీకరించిరి. 1834 నవంబరు 2-వ తేదీని "అట్లాసు" అను నోడలో ముప్పదియార్గురు కూలీలు ఆ రేవునకు వచ్చిరి. మరుసటియేడు ఫిబ్రవరిలో ఆ ద్వీపమున దాస్యము రద్దయ్యెను. దాసులు విడుదలయైన తోటలకు మన జనులు ఒడంబడికమీద కూలీలైరి. 1834 మొదలు 1920 ప్రాంతమువరకు దాదాపు ఐదులక్షలమంది భారతీయు లా రేవున దిగిరి. వారిలో కొందరిని ఇతరదేశములకును పంపిరి. నవంబరు 2-వ తేదీ నేటికిని అచ్చట సెలవుదినము. నాడు మేమును ఆ మెట్లకడకు బోయితిమి. జనులు పూలు చల్లుచుండిరి. ఒక వృద్ధుడు మెట్టు నంటి కన్నుల కద్దుకొనెను. అప్పుడు మా నాయనమ్మ మాట నాకు జ్ఞప్తికి వచ్చినది. మిత్రులతో జెప్పితిని. సర్వేయరుగారు "ఐనచో రికార్డు ఉండవలెను. రికార్డు లేనిదే దొరలు మేకనైన ఓడ యెక్కనీయరు" అనిరి.

ఆయన మాట నిజమైనది. మోకా అను నూర నున్న మహాత్మాగాంధీ సంస్థలో ఆ వలసదారుల పట్టీలు భద్రపరుపబడినవి. ఒక్కొక్క మనుష్యునకు ఒక సంఖ్య. దానిప్రక్కన పేరు, తండ్రిపేరు, వయస్సు, ఎత్తు, కులము, దేహముమీది గురుతులు, జిల్లా, గ్రామము, వచ్చిన యోడ వ్రాయబడి యుండును. 1860 తరువాతి దశాబ్దమునుండి ఛాయాపటములును తీసిరి. తమ పూర్వులను వెదకుకొనుటకు ఆ ద్వీపవాసులు దినదినమును వచ్చుచుందురు. ఇచ్చటనుండి పోయి అచ్చట వెదకువారు మావలె నరుదు.

మొదటిదినము మాకు 1878-లో వచ్చినవారిలో మా పెద్దతాత పేరుగలవా డొకడు కనబడెను. లెక్కల పంతులుగారు సంతోషముతో నన్ను కౌగిలించుకొనిరి. కాని సర్వేయరుగారు జిల్లా గడిలో వ్రేలుంచి "గుంటూరు" అనిరి. ఆనాటికి గుంటూరు ప్రత్యేకజిల్లా కాక కృష్ణామండలములో తాలూకాయై యుండెను. ఎట్లు చూచినను అది నెల్లూరు కాదు. పేరొకటియైనంత మాత్రమున మనుష్యు డొకడు కాడుగదా. ఆ సంతోషమును విడిచి మరల మొదలుపెట్టితిమి.

రెండవదినమున ఇంకొక పేరు దొరకినది. ఇచ్చట నా చదువు కొంచెము పనికివచ్చెను. ఆ పట్టీలు వ్రాసిన గుమాస్తాలకు తెలుగు రాదు. చెవికి వినబడినది వినబడినట్లు తమ లిపిలో వ్రాసిరి. మన డుకారాంతనామముల తుదియచ్చు వారిచేతిలో దీర్ఘమైనది. అప్పడు "అప్పడూ" ఐనాడు. అమ్మశబ్దము "ఆమా" ఐనది. ద్విత్వములు పోయినవి, మహాప్రాణములు మాయమైనవి. ఇంటిపేరు వ్రాయు గడియే లేదు. తండ్రిపేరే కొడుకునకు ఇంటిపేరుగా నిలిచినది. కావున రెండవతరమునకే మన యింటిపేరు, గోత్రము కాగితమునుండి తొలగిపోయెను. ఆ మార్పుల సూత్రము తెలిసినవాడు వెనుకకు నడచి అసలుపేరు పట్టుకొనవచ్చును. వర్ణవికారములు తెలియనివానికి అది యేదో ఫ్రెంచిమాటగా తోచును.

ఆ కాగితమున నేమున్నదనగా: వయస్సు ఇరువదిరెండు. జిల్లా నెల్లూరు. గ్రామము గడిలో "పాలోం" అను నొక్కమాట. తండ్రిపేరు మా ముత్తాతగారి తండ్రిపేరే, డుకారము దీర్ఘమైనది. గురుతు: ఎడమకనుబొమపై మచ్చ. కులము గడిలో మన కులనామము లేదు. తెలుగువాడని మాత్రము సూచించు మాట యున్నది.

సభ్యులు తొందరపడి చప్పట్లు కొట్టవలదని ప్రార్థన. నెల్లూరు మండలములో పాళెము అను పేరుతో ముగియు గ్రామము లెన్నియున్నవో తమరెరుగుదురు. ఈ పందిటిలో నున్నవారిలోనే సగముమంది ఏదో యొక పాళెమువారు. మచ్చ లెందరికైన నుండును. వ్యవహారనిర్ణయమునకు యాజ్ఞవల్క్యస్మృతి మూడు ప్రమాణములు చెప్పినది: లిఖితము, భుక్తి, సాక్షులు. మాకు లిఖితము దొరకినది. సాక్ష్యము మా నాయనమ్మ మాట. ఆ మచ్చ సంగతి యామె నాకు జెప్పి యరువదియేండ్లైనది, అప్పటికి మా యింటిలో నెవ్వరును ఆ పట్టీని జూడలేదు. వైద్యమిత్రుడు "కనుబొమమీద తెగినచోట వెండ్రుక మొలవకుండుట సాధారణమే; దానిని గుమాస్తా గురుతుగా వ్రాయుటయు సహజమే" అని సమర్థించిరి. కాని మూడవది, భుక్తి, లేదు. అనగా ఆ సంబంధమును అనుభవించుచు వచ్చినవారి యాచారమేదియు మాకు కానరాలేదు. "నూటికి ఎనుబది పాళ్ళు నిశ్చయము" అని లెక్కల పంతులుగారనిరి. మిగిలిన యిరువదిపాళ్ళు నన్ను నిద్రపోనీయలేదు.

ఆ ద్వీపము మన నెల్లూరుజిల్లాలో అయిదవవంతునకు మించదు. అచ్చటి తెలుగువారు ఆంధ్రమహాసభలు పెట్టుకొనియున్నారు. వారి దేవాలయములలో సింహాద్రి అప్పన్నను కొలుతురు. దీపముచుట్టు తిరుగుచు రామభజన చేయుదురు. ఉగాది యచ్చట ప్రభుత్వపు సెలవు. 1990-లో మూడవ ప్రపంచతెలుగు మహాసభలు జరిగినది యచ్చటనే. కావున ఒక దేవాలయపు పెద్దలకు మా కాగితమును జూపగా మూడుదినములలో వారు ఒక యింటికి మమ్ము గొనిపోయిరి.

ఆ యింటి యజమానురాలు డెబ్బదినాలుగేండ్ల వృద్ధురాలు. ఆ కాగితమునందలి మనుష్యుడు ఆమెకు ముత్తాత. వరుసకు నాకు అక్క. ఆమె మాట క్రియోలు భాష. తెలుగు భజనపాటలలో వచ్చినంత మాత్రమే తెలియును. ఆమె మనుమరాలు బడిలో తెలుగు చదువుకొన్నది. ఆ బాలికయే మా ద్విభాషి. నేను "అక్కయ్యా" అని పిలువగా ఆ వృద్ధురాలికి ఆ మాట మనుమరాలు చెప్పకయే తెలిసినది.

ఇచ్చట నొక మాట దాచక చెప్పవలసియున్నది. ఆ గడప దాటునపుడు నా మనస్సు నిర్మలముగా లేదు. మా ముత్తాతగారును, వారి యన్నగారును అవిభక్తులు. నాలుగెకరముల భూమి. అన్నగారికి కర్మ జరిగిన పిమ్మట ఆ నాలుగెకరములును తమ్మునకు వచ్చినవి. ఆ భూమిమీది ఫలముతోనే మా తండ్రిగారు నన్ను సంస్కృతకళాశాలకు పంపిరి. ఆ కాగితమునందు వ్రాసియున్న ప్రకారము అన్నగారు 1911 వరకు జీవించియుండిరి. ఇంటివద్ద ఆయనకు పిండములు పెట్టుచుండగా ఆయన యచ్చట చెరకు నరకుచుండెను! "భాగ మడిగిన నేమి చెప్పుదువు?" అని సర్వేయరుగారు దారిలో పరిహాసమాడిరి. నాకది పరిహాసముగా లేకుండెను.

అక్కయ్యకు ఆ సంగతి నేనే చెప్పితిని. మనుమరాలు తర్జుమాచేయగా ఆమె చాలసేపు ఊరకుండి, పిమ్మట నన్నొక ప్రశ్న యడిగినది. ప్రతి సంవత్సరము వా రొకదినమున దీపము పెట్టి, ఓడదిగిన ముత్తాత పేరును, ఆయన తండ్రిపేరును తలచుకొందురట. తల్లిపేరు తెలియక "అవ్వ" అని మాత్రము చెప్పుకొందురట. "ఆయన విడిచివచ్చిన తల్లి పేరేమి? అది మీకు తెలిసియుండును గదా" అని యామె ప్రశ్న.

నాకు తెలియదు. అమరకోశము కంఠస్థము చేసినవాడను. నా ముత్తాతను గన్నతల్లి పేరు నాకు తెలియదు. మా వంశావళిలో తొమ్మిదితరముల పురుషుల పేర్లున్నవి. ఒక్క స్త్రీ పేరైనను లేదు. ఆ యింటిలో నేను తలవంచుకొని కూర్చుంటిని. వారు పెట్టిన పాయసము మింగుడుపడలేదు.

ఇంటికి వచ్చినదాదిగా నాకదే పని. సెటిల్మెంటు రిజిస్టరులో వెదకితిని. పట్టాదారు లందరును పురుషులే. దేవాలయపు దానపత్రములు చూచితిని. తొంబదియేండ్ల మా మేనత్తను అడిగితిని. ఆమెయు "ముసలవ్వ" అనియే యెరుగును. తుదకు ఒక రాత్రి తర్పణక్రమము జ్ఞప్తికి వచ్చి లేచి కూర్చుంటిని. నేను తర్పణము విడుచునపుడు మాతృ, పితామహీ, ప్రపితామహులను, అనగా తల్లిని, నాయనమ్మను, తాతగారి తల్లిని మాత్రము పేర్కొందును. అంతకు పైయామె నా నోటికి రాదు. కాని మా తండ్రిగారి తర్పణమున ఆమె ప్రపితామహి! ఆయన జీవించియున్నంతకాలము ఆ పేరు ఏటేట ఉచ్చరింపబడినది. ఆయన గతించిన దినమున నేనొక మెట్టు పైకెక్కితిని. ఆమె యొకమెట్టు దాటి మరుపున పడినది. మన సంఘములో ఎన్ని యిండ్లలో నీవిధముగా తల్లుల పేర్లు జారిపోయినవో యోచింపుడు.

మా తండ్రిగారికి ఆబ్దికములు పెట్టించిన పురోహితులవారు స్వర్గస్థులైరి. వారి మనుమలు నెల్లూరిలో నున్నారు. వారి యింటి అటకమీద పసుపుమరకలుపడిన పద్దుపుస్తక మొకటి దొరకినది. అందు మా పాళెములోని యిండ్లవారి సంకల్పములు వ్రాసియున్నవి. మా తండ్రిగారి పుటలో మూడవ గీతయందు ఆమె పేరున్నది. మూడక్షరముల పేరు, తుదను అమ్మశబ్దము. ఆ పేరును నేనీ సభలో చెప్పుట లేదు. అది మొదట చేరవలసినచోటికి మొదట పంపితిని.

పదిదినములకు ప్రత్యుత్తరము వచ్చినది. ఆ పేరు చదివి అక్కయ్య యేడ్చినదట. ఓడదిగిన ముత్తాత తన పెద్దకుమార్తెకు ఒక పేరు పెట్టెను. అచ్చటి గుమాస్తా దానిని వికృతముగా వ్రాసెను. ఆ వికృతరూపమే తరువాతి తరములలో మరియిద్దరు ఆడుబిడ్డలకు పెట్టబడినది. కడపటిది ఆ ద్విభాషియైన బాలికయే! దాని యర్థము వారికి తెలియదు, ఫ్రెంచిపేరనుకొనిరి. తాను విడిచివచ్చిన తల్లిపేరును ఆ మనుష్యుడు కుమార్తెకు బెట్టుకొనెను. నూటముప్పదియేండ్లుగా ఆ పేరును వారు వాడుకొనుచునే యుండిరి. ఇదియే నాకు కొదువయైన మూడవ ప్రమాణము. లిఖితము, సాక్ష్యము, భుక్తి, మూడును గలిసినవి. ఇకమీదట మా వంశావళిలో "నిస్సంతు" అను మాట నిలువరాదు.

మహాజనులారా! ఇప్పుడు ప్రకృతమునకు వచ్చుచున్నాను. మా సవరణను సంచికకు పంపగా మన సంఘములోని కొందరు పెద్దలు రెండు ఆక్షేపణలు చేసిరి. వారు నాకు పూజ్యులు. వారి మాటలకు సమాధానము చెప్పుట నా విధి.

మొదటిది: సముద్రయానము చేసినవాడు పతితుడుగదా యని. బౌధాయనుడు సముద్రయానమును పతనీయములలో లెక్కించిన మాట నిజమే. కాని పతనీయములకు ప్రాయశ్చిత్తములును ఆయనయే విధించెను. పైగా ఈ సభలోనివారి బిడ్డలు నేడు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను నున్నారు. వారి పేర్లు మన సంచికలో పటములతోగూడ నచ్చగుచున్నవి. విమానముమీద జీతమునకై పోయినవాని పేరు అచ్చువేసి, ఆకలిచే ఓడ యెక్కినవాని పేరు కొట్టివేయుట యే స్మృతిలో నున్నది?

రెండవది కఠినమైనది. ఆ ద్వీపమున ఆయన వివాహమాడినది మన కులస్త్రీ కాదు. శ్రీకాకుళపువైపునుండి వచ్చిన మరియొక కులపు తెలుగుపడుచు. ఓడలలో స్త్రీలు చాల తక్కువ. ఒక్కయోడలో వచ్చినవారు జహాజీబంధువులై ఒండొరులను తోబుట్టువులుగా జూచుకొనిరి. అందరును ఒక్కకుండలో వండుకొనిరి. ఈ వివాహముచేత ఆ సంతతి మనవారు కారని యాక్షేపణ. దీనికి శాస్త్రమునుండి అనుకూలవాక్యములు వెదకి తేగలను. ప్రతికూలవాక్యములను మీరును తేగలరు. కావున శాస్త్రము నటుంచి ఒకమాట యడిగెదను. వంశావళి యనగా మనకు ఇష్టమైనవారి పట్టికయా, లేక పుట్టినవారి పట్టికయా? ఇష్టమైనవారి పట్టికయైనచో దానిని వంశావళి యనక ఆహ్వానపత్రిక యనవలెను. తల్లి కాలిపోయిన పొలము జూచి యేడ్చుచుండగా ఓడ యెక్కినవాడు మనవాడేయైనచో, ఆ తల్లిపేరు మోయుచున్న ఆ బాలిక పరాయిదెట్లగును?

భూమినిగూర్చి కొందరు మిత్రులు అడిగిరి, చెప్పెదను. ఇరువదియేండ్లు పరులు భూమి ననుభవించుచుండగా జూచి మాటాడక యూరకున్నవాని హక్కు పోవునని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మా తమ్ముడు దానినే ప్రమాణముగా జూపుచున్నాడు. ఐతే ఆ వాక్యమునందు "చూచుచున్నవాడు" అను విశేషణమున్నది. సముద్రమున కావల నున్నవాడు చూడలేదు. కావున మా తమ్ముడును నేనును ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. నా పాలి రెండెకరములలో సగభాగపు ఫలసాయమును మా పాళెపు పాఠశాలలోని ఆడుపిల్లల పుస్తకములకు ఏటేట ఇచ్చుచున్నాను. అక్కయ్య భూమి కోరలేదు. ఆ యేర్పాటు విని సంతోషించినది. ఇచ్చటికి వచ్చి ఆ పొలముగట్టుమీద నడువవలెనని యామె కోరిక. 2020-లో మహమ్మారిచే రాకపోకలు నిలిచినవి. మరుసటియేడు ఆమె గతించెను. వార్త తెలిసిన దినమున కాలువలో స్నానముచేసి ఆమెకు తిలోదకము విడిచితిని.

మా కథ మా యింటిది మాత్రము కాదు. నేటాలునకు 1860 నవంబరు 16-వ తేదీని మొదటి యోడ "ట్రూరో" చేరినది మన చెన్నపట్టణమునుండియే. 1911 వరకు లక్షయేబదిరెండువేలకు పైబడినవారు ఆ దేశమునకు బోయిరి. ఫిజీకి 1903 మొదలు చెన్నపట్టణమునుండియు కూలీలను గొనిపోయిరి. బర్మాలో తెలుగువానిని "కోరంగి" యనిరి. గోదావరితీరపు ఒక రేవుపేరు జాతినామమైనది. 1917-లో ఈ ఒడంబడికకూలీల చేరిక నిలిచిపోవువరకు మన కోస్తాలో ఎన్ని గ్రామములనుండి యెందరు వెళ్ళిరో! వారిలో మన సంఘమువా రొక్కరే యుందురా?

కావున సంఘమువారికి నా ప్రార్థనలు మూడు.

మొదటిది: రాబోవు సంచికలోని వంశావళులలో ప్రతి పురుషుని పేరుతోపాటు ఆయన తల్లిపేరును, భార్యపేరును అచ్చువేయవలెను. అవి దొరకుటకు పురోహితుల పద్దులు, పెండ్లిలగ్నపత్రికలు, తర్పణపు సంకల్పములు చూడవలెను. ముసలమ్మలను అడుగవలెను, అడుగుటకు రేపటివరకు ఆగవలదు.

రెండవది: "దేశాంతరగతుడు" అని యున్న ప్రతిపేరునకు ఒక కాగితము ప్రత్యేకించవలెను. అందు వాని తండ్రిపేరు, గ్రామము, తాలూకా, వెళ్ళిన యేడు లేక ఆ యేటి కరవో, గాలివానయో, దేహపుగురుతు, వెళ్ళిన రేవు, తెలిసినంత వ్రాయవలెను. తెలియనిది ఊహించి వ్రాయరాదు. పేరు కలసినంతమాత్రమున నమ్మరాదు. మా గుంటూరి మనుష్యుని జ్ఞప్తియందుంచుకొనుడు.

మూడవది: సముద్రమున కావలినుండి ఎవరైన ఒక చిరిగిన కాగితము పట్టుకొని మన పాళెమునకు వచ్చి "మావా రిచ్చటివారట" యని యడిగినచో, మొదట "మీదే కులము?" అని యడుగక, మొదట మంచినీళ్ళిచ్చి కూర్చుండబెట్టవలెను. వారు భాగమునకు రారు. పేరునకు వత్తురు.

ఈ సంచికలో మా యింటి పుట అచ్చుకు పోవుటకు ముందు "నిస్సంతు" అను మాటను నా చేతితోనే కొట్టివేసి, దానిక్రింద గీత గీసి, ఆ ద్వీపమునందలి నాలుగుతరముల పేర్లు వ్రాసితిని. అన్నిటికి పైన, మా ముత్తాతగారి తండ్రిపేరు ప్రక్కన, ఆ తల్లిపేరును వ్రాసితిని. దానిని సంఘమువా రట్లే యచ్చువేయుదురో, కొట్టివేయుదురో వారి యిష్టము. సభవారి నిర్ణయమునకు నేను బద్ధుడను. కాని ఆ పేరు తెలిసిన పిమ్మట తెలియనట్లు నటించుట నా వశములో లేదు.